రేవే తరగతి, ఉక్కే పాఠం

సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లెక్కే కుటుంబాల మొక్కుల్లో ఒకప్పుడు సంతానం, ఆడపిల్ల పెళ్లి, స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం ముందుండేవి. ఇప్పుడు ఆ వరసలో వీసా కూడా చేరింది. కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరుకుంటే తీరుతుందని నమ్మే కొండ ఇది. అమెరికా వీసా వస్తుందో రాదో, వచ్చినా అక్కడ ఎన్నాళ్లు ఉండనిస్తారో తెలియని రోజులు. అందుకే అప్పన్న దర్శనం చేసుకుని దిగినవాళ్లు విశాఖ ద్వారకానగర్ కన్సల్టెన్సీల మెట్లెక్కి కొత్త పేర్లు వింటున్నారు. జర్మనీ, ఐర్లాండ్, వాటి పక్కనే నెదర్లాండ్స్. చేతికిచ్చిన రంగుల పుస్తకం మీద ‘యూనివర్సిటీ ఆఫ్ అప్లయిడ్ సైన్సెస్’ అని ఉంటుంది. తండ్రికి వచ్చే మొదటి అనుమానం ఒకటే. ఇది యూనివర్సిటీయా, పాలిటెక్నిక్కా?

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే జవాబు రెండింటికీ నడుమ ఉంది.

నెదర్లాండ్స్‌లో పై చదువులు రెండు పాయలుగా సాగుతాయి. లైడెన్, డెల్ఫ్ట్ వంటి పరిశోధక విశ్వవిద్యాలయాలు ఒక పాయ. ‘హోగెస్కోల్’ అని పిలిచే వృత్తి విద్యా సంస్థలు రెండోది. వీటికే ఇంగ్లిషులో అప్లయిడ్ సైన్సెస్ పేరు పెట్టుకున్నారు. పరిశోధక విశ్వవిద్యాలయంలో బ్యాచిలర్ డిగ్రీ మూడేళ్లయితే, ఇక్కడ నాలుగేళ్లు. ఆ అదనపు ఏడాది ఊరికే పెట్టింది కాదు. ఏడాదికి 60 క్రెడిట్లు, క్రెడిట్‌కు 28 గంటల పని అని లెక్క. మూడో ఏడాదిలో సాధారణంగా ఒక సెమిస్టర్ మొత్తం కంపెనీలో గడపాలి. 30 క్రెడిట్లంటే 840 గంటలు. నాలుగో ఏట చివరి ప్రాజెక్టు కూడా ఎక్కువ మంది ఏదో ఒక సంస్థ ఇచ్చిన అసలు సమస్య మీదే చేస్తారు. ఆ దేశంలో పరిశోధక విశ్వవిద్యాలయాల్లో కంటే వీటిలో చదివేవాళ్లే ఎక్కువ. నర్సులు, బడిపంతుళ్లు, సివిల్ ఇంజినీర్లు, అకౌంటెంట్లు, హోటల్ మేనేజర్లు ఎక్కువగా ఈ దారిలోనే వస్తారు.

ఇవన్నీ మొదటి నుంచీ పెద్ద సంస్థలు కావు. 1980ల మొదట్లో ఆ చిన్న దేశంలో ఇలాంటి కాలేజీలు సుమారు 350 ఉండేవి. 1983లో ప్రభుత్వం విలీనాలు మొదలుపెట్టింది. నాలుగేళ్లలో అవి 85 దాకా తగ్గాయి. ఇప్పుడు ప్రభుత్వ నిధులతో నడిచేవి 36. మన దగ్గర కథ ఎదురు దిశలో నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కాలేజీలు పెరిగి పెరిగి ఒక దశలో ఏడు వందల దాకా వెళ్లాయి. సీట్లు పెరిగినంత వేగంగా లేత్ మెషీన్లు పెరగలేదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

హేగ్ నగరంలోని ‘డె హాగ్స హోగెస్కోల్’ ఆ విలీనాల్లో 1987లో పుట్టిందే. హాలండ్స్ స్పోర్ రైల్వేస్టేషన్ వెనకవైపు దాని ప్రధాన భవనం. రైలు దిగి నాలుగడుగులు వేస్తే క్లాసులో ఉండొచ్చు. పాతిక వేల మంది విద్యార్థుల్లో 140కి పైగా దేశాల మూలాలున్నవాళ్లు ఉన్నారు. అంతర్జాతీయ న్యాయస్థానం కొలువున్న ఊరు కాబట్టి అంతర్జాతీయ న్యాయం, యూరోపియన్ వ్యవహారాలు, భద్రత వంటి కోర్సులు ఇక్కడ ఇంగ్లిషులో నడుస్తాయి. ఇంజినీరింగ్ శాఖ ఒకటి డెల్ఫ్ట్‌లో ఉంది. అయితే ఈ ‘అంతర్జాతీయం’ అనే మాటను కాస్త ఆచితూచి తీసుకోవాలి. దేశం మొత్తం మీద హోగెస్కోల్‌లలో విదేశీ విద్యార్థులు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. పరిశోధక విశ్వవిద్యాలయాల్లో నలుగురికి ఒకరు ఉంటారు. హోగెస్కోల్ ప్రధానంగా ఆ ఊరి పిల్లల కోసం, ఆ ఊరి పరిశ్రమ కోసం కట్టుకున్న బడి. పరదేశి విద్యార్థి అందులో ఒక మూల కూర్చుంటాడు.

క్లాసు తీరు మనవాళ్లకు మొదట మింగుడుపడదు. కార్పొరేట్ కాలేజీలో ఇంటర్‌కు 980 మార్కులు తెచ్చుకున్న పిల్లాడికి మొదటి టర్మ్‌లో పదికి ఏడు వస్తుంది. ఇంటికి ఫోన్ చేసి బావురుమంటాడు. అక్కడ ఏడంటే బాగా చేసినట్టే. అయిదున్నర వస్తే పాస్. తొమ్మిది అరుదు, పదిని చూసినవాళ్లు మరీ అరుదు. లెక్చరర్‌ను పేరు పెట్టి పిలవాలి. ‘సార్’ అంటే ఆయనే ఇబ్బంది పడతాడు. నలుగురైదుగురిని ఒక జట్టుగా వేసి, బయటి సంస్థ ఒకటి ఇచ్చిన పని అప్పగిస్తారు. గోదాములో సరుకు ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టమంటుంది ఒక కంపెనీ. వాన నీరు నిలిచే వీధికి ఉపాయం చెప్పమంటుంది ఒక మున్సిపాలిటీ. జట్టులో ఒకడు పని ఎగ్గొడితే మిగతావాళ్లే ముఖం మీద చెప్పేస్తారు. డచ్చివాళ్ల ముక్కుసూటితనం పేరుమోసినది. మొదటి ఏడాది నిర్ణయించినన్ని క్రెడిట్లు రాకపోతే ‘ఈ కోర్సు నీకు కుదరదు, వేరేది చూసుకో’ అని రాతపూర్వకంగా చెప్పే కాలేజీలు చాలా ఉన్నాయి. సప్లిమెంటరీలు రాసుకుంటూ నాలుగేళ్లు లాగేయడం అక్కడ కుదరని పని.

ఇక విశాఖ వాసి తప్పక చూడాల్సిన చోటు రోటర్‌డామ్‌లో ఉంది.

న్యూవె మాస్ నది ఒడ్డున హేప్లాట్ అనే పేటలో 1902లో ఒక షిప్‌యార్డు మొదలైంది. రోటర్‌డామ్ డ్రైడాక్ కంపెనీ అంటారు, డచ్చి పేరుకు పొట్టిపేరు ఆర్‌డీఎం. 1958లో జలప్రవేశం చేసిన ‘ఎస్ఎస్ రోటర్‌డామ్’ అనే పెద్ద ప్రయాణికుల ఓడ ఇక్కడ తయారైనదే. డచ్ నౌకాదళానికి జలాంతర్గాములూ ఇక్కడే కట్టారు. వేలమంది పనిచేసిన ఆ యార్డు 1980ల్లో దివాలా తీసి క్రమంగా మూతపడింది. ఖాళీ షెడ్లను పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేయడం తేలిక. పోర్టు, రోటర్‌డామ్ హోగెస్కోల్, ఐటీఐ స్థాయి వృత్తి కాలేజీ ఒకటి కలిసి వేరే ఆలోచన చేశాయి. ఓడ భాగాలు తయారైన పెద్ద యంత్రశాలను ‘ఇన్నోవేషన్ డాక్’గా మార్చి, ఆ ఆవరణకు ఆర్‌డీఎం క్యాంపస్ అని పేరు పెట్టాయి. ఒకే కప్పు కింద వెల్డింగ్ నేర్చుకునే పదిహేడేళ్ల కుర్రాళ్లు, ఇంజినీరింగ్ చదివే హోగెస్కోల్ విద్యార్థులు, చిన్న కొత్త కంపెనీలు. డిజైన్ గీసినవాడు దాన్ని వెల్డ్ చేసేవాడితో అదే రోజు మాట్లాడగలడు. ‘ఇక్కడ టార్చ్ దూరదు, నీ గీత మార్చు’ అని డిప్లొమా కుర్రాడు చెబితే డిగ్రీ కుర్రాడు వినాల్సిందే. ఆ క్యాంపస్‌లో నేర్పే అసలు పాఠం ఇదేనేమో.

జలాంతర్గాములు కట్టిన పాత షెడ్డు అక్కడ కళా ప్రదర్శనలకు వేదికైంది. మన ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. టికెట్ కొని లోపలికి వెళ్లి, గొట్టాల మధ్య వంగి నడిచి, ఫొటో దిగి వచ్చేస్తాం. ఒక మెకానికల్ విద్యార్థి చేత ఆ గొట్టాల నక్షా గీయించిన కాలేజీ ఉంటే అభినందించాలి.

విశాఖకు ఏం తక్కువ? 1933లో రేవు తెరిచారు. 1941 జూన్ 21న వాల్‌చంద్ హీరాచంద్ సంకల్పించిన సింధియా షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ ‘జల ఉష’ను నీళ్లలోకి దింపారు. ఆ యార్డే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏటా 73 లక్షల టన్నులు. నెదర్లాండ్స్‌లో సముద్రం పక్కనే ఉన్న ఐముడెన్ ఉక్కు కర్మాగారం కూడా దాదాపు అంతే పెద్దది. 2007 నుంచి అది టాటాల చేతిలో ఉంది. ఆ కర్మాగారానికి సొంత శిక్షణ అకాడమీ ఉంది, చుట్టుపక్కల కాలేజీల పిల్లలకు అది ఇంటర్న్‌షిప్ స్థలం. రిఫైనరీ, నౌకాదళం, ఫార్మా సంస్థలు కలుపుకుంటే విశాఖ చేతిలో రోటర్‌డామ్ కంటే ఎక్కువ పాఠాలే ఉన్నాయనాలి.

డచ్చివాళ్లతో ఈ తీరానికి పాత లెక్కలూ ఉన్నాయి. సింహాచలం కొండ దాటి ఉత్తరంగా వెళ్తే వచ్చే భీమునిపట్నం పదిహేడో శతాబ్దం నుంచి వాళ్ల వర్తక స్థావరం. బట్టలు కొని ఓడలకెత్తారు, 1825లో బ్రిటిష్‌వాళ్లకు అప్పగించి వెళ్లారు. ‘హాలండర్స్ గ్రీన్’ అనే శ్మశానంలో వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. అంతకంటే ఆసక్తికరమైన బంధం ఇప్పటిది. విశాఖలో ప్రధాన కార్యాలయమున్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నడిపే డ్రెడ్జర్లలో చాలావరకు నెదర్లాండ్స్ ఐహెచ్‌సీ యార్డులో తయారైనవే. 19, 20, 21 నంబర్ల డ్రెడ్జర్లు గత దశాబ్దం మొదట్లో అక్కడి నుంచే వచ్చాయి.

ఆ డ్రెడ్జర్లు చేసే పని విశాఖవాసులు బీచ్‌లో నిలబడి చూస్తూనే ఉంటారు. తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1976లో వచ్చిన ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు ఆ దారికి అడ్డుపడ్డాయి. రేవుకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకని పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్ తోడి, గొట్టాల ద్వారా బీచ్ మీదకు చిమ్ముతుంది. కొన్నాళ్లకు అలలు మళ్లీ తీసుకుపోతాయి, మళ్లీ పోయాలి. హేగ్ పక్కన డచ్చివాళ్లకూ ఇదే బాధ. వాళ్లు 2011లో ఒకేసారి 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను తీరంలో ఒక కొమ్ములా పోసి, ‘ఇక గాలీ అలలూ దీన్ని పంచుకుంటాయి’ అని వదిలేశారు. ‘శాండ్ మోటార్’ అని దాని పేరు. అప్పటి నుంచి అది పరిశోధకుల కొలతలకు బహిరంగ ప్రయోగశాల. జీలండ్ ప్రాంతంలోని హెచ్‌జెడ్ హోగెస్కోల్‌లో నీటి నిర్వహణ అనే నాలుగేళ్ల డిగ్రీయే ఉంది. తీరం ఎక్కడ ఎంత కోసుకుపోయిందో కొలవడం అక్కడి పిల్లలకు సెమిస్టర్ పని. మన సివిల్ విద్యార్థి ఆర్కే బీచ్‌కు వెళ్లేది సాయంత్రం ముంత మసాలా తినడానికి.

ఇదంతా విని విశాఖకు వృత్తి విద్య సంప్రదాయమే లేదనుకుంటే పొరపాటు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, రేవు తెరిచిన 1933లోనే కెమికల్ టెక్నాలజీ చదువు మొదలుపెట్టింది. దేశంలో ఆ రంగంలో తొలి విభాగాల్లో అదొకటి. వైస్ ఛాన్సలర్లు కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్‌ల కాలం అది. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయలతో సైన్స్, టెక్నాలజీ కాలేజీ నిలబడింది, ఆయన పేరే పెట్టుకుంది. తరవాత జియోఫిజిక్స్, వాతావరణ శాస్త్రం, మెరైన్ ఇంజినీరింగ్ వచ్చాయి. ఆఫ్రికా, ఆసియా దేశాల విద్యార్థులు ఇక్కడికి వచ్చి చదువుతున్నారు. హోగెస్కోల్‌కు దగ్గరి చుట్టం లాంటి స్వీడన్ సంస్థ బ్లెకింగే టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌తో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, జేఎన్‌టీయూలకు ఉమ్మడి డిగ్రీ ఒప్పందాలు నడిచాయి. కొంత చదువు ఇక్కడ, మిగతాది కార్ల్‌స్‌క్రోనాలో. ఆ కార్ల్‌స్‌క్రోనా కూడా నౌకాదళ స్థావరం, షిప్‌యార్డు ఉన్న ఊరే. విశాఖ కుర్రాడికి చలి తప్ప మిగతా అంతా తెలిసినట్టే ఉండాలి.

కాగితం మీద మన పాలిటెక్నిక్ కూడా హోగెస్కోల్‌కు దూరంగా లేదు. కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చదివే డిప్లొమా విద్యార్థి మూడేళ్లలో ఒక సెమిస్టర్, అంటే ఆరు నెలలు, పారిశ్రామిక శిక్షణలో గడపాలి. సాధారణ డిగ్రీలోనూ 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. గంటల్లో లెక్కేస్తే డచ్చివాళ్లకు తీసిపోదు. తేడా గేటు దాటాక మొదలవుతుంది. అక్కడ విద్యార్థికి కంపెనీలో ఒక పర్యవేక్షకుడు, కాలేజీలో ఒక పర్యవేక్షకుడు ఉంటారు. పని మొదలవక ముందే ఏం చేయాలో ముగ్గురూ రాసుకుని సంతకాలు పెడతారు. మధ్యలో ఒకసారి సమీక్ష, చివర నివేదిక, దాని మీద నిలదీత. ఇక్కడ చాలాచోట్ల విద్యార్థి హెల్మెట్ పెట్టుకుని ప్లాంటు చుట్టివస్తాడు, పాత బ్యాచ్ రికార్డు చూసి రాసేస్తాడు. డబ్బు కడితే ఇంటికే వచ్చే సర్టిఫికెట్ల సంగతి కాలేజీలకూ తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు. సర్టిఫికెట్ ఉన్నా పని రాదని ఉద్యోగం ఇచ్చేవాడికి ఇంకా బాగా తెలుసు.

మరి అంత మంచి చదువైతే అక్కడికే పంపేద్దామా? ఇక్కడ లెక్క చూడాలి. యూరప్ బయటి విద్యార్థికి హోగెస్కోల్ ఫీజు ఏడాదికి సుమారు 8 వేల నుంచి 12 వేల యూరోల దాకా ఉంటుంది. డచ్ విద్యార్థి కట్టేది రెండున్నర వేల చిల్లర. బతకడానికి ఏడాదికి 13 వేల యూరోలకు పైగా చేతిలో ఉన్నట్టు ముందే చూపించాలి. యూరో వంద రూపాయల చుట్టూ తిరిగే వేళ నాలుగేళ్ల బ్యాచిలర్‌కు సుమారు 85 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అవుతుంది. ఫ్లాట్ అమ్మితే గానీ తేలని మొత్తం.

సింహాచలం చుట్టుపక్కల అది కూడా కుదరదు. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం. ఈ అయిదింటినీ కలిపి పంచగ్రామాలంటారు. దేవస్థానం భూముల వివాదంలో ఇక్కడి వేల ఇళ్లకు ఏళ్లతరబడి రిజిస్ట్రేషన్లు నిలిచిపోయాయి. తాతల నాటి ఇల్లుంటుంది, తాకట్టు పెట్టడానికి కాగితం ఉండదు. ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి ప్రభుత్వ బ్యాంకులు ఆస్తి హామీ అడుగుతాయి. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ పంచగ్రామాల సమస్య అని మాట్లాడే నాయకులు దాన్ని ఇళ్ల సమస్యగానే చెబుతారు. పిల్లల చదువుల సమస్య కూడా అదే.

డబ్బు ఉన్నవాళ్లకైనా మరికొన్ని చిక్కులున్నాయి. మన ఇంటర్‌తో హోగెస్కోల్ బ్యాచిలర్‌లో నేరుగా చేరే వీలుంది. కానీ అక్కడ బ్యాచిలర్ చేసి పరిశోధక విశ్వవిద్యాలయంలో మాస్టర్స్‌కు వెళ్లాలంటే చాలాసార్లు ‘ప్రీ-మాస్టర్’ అనే అదనపు మెట్టు ఎక్కాలి. పీహెచ్‌డీ కల ఉన్నవాడు ఇది ముందే తెలుసుకోవాలి. పార్ట్‌టైమ్ పని వారానికి 16 గంటలు, లేదంటే జూన్ నుంచి ఆగస్టు వరకు పూర్తికాలం. ఆ అనుమతి యజమాని తీసుకోవాలి. కోర్సులో భాగమైన ఇంటర్న్‌షిప్‌కు మాత్రం అనుమతి అక్కర్లేదు. క్లాసు ఇంగ్లిషులో నడిచినా, చిన్న కంపెనీ వర్క్‌షాపులో మాట డచ్చిలోనే ఉంటుంది. ఏడాదైనా భాష నేర్చుకోని విద్యార్థికి మంచి ఇంటర్న్‌షిప్ దొరకడం కష్టం. అన్నిటికంటే పెద్ద తలనొప్పి గది. ఇళ్ల కొరత ఎంతంటే, ‘ఉండటానికి చోటు దొరక్కపోతే రావద్దు’ అని విశ్వవిద్యాలయాలే ప్రకటనలిచ్చాయి. చదువు ముగిశాక ఏడాది పాటు ఉద్యోగం వెతుక్కునే అనుమతి మాత్రం ఉదారమైన ఏర్పాటే. ఐంధోవన్ చుట్టూ ఉన్న చిప్ పరిశ్రమ భారతీయ ఇంజినీర్లను బాగానే తీసుకుంటోంది.

కాబట్టి బీటెక్ ఇక్కడ పూర్తిచేసి, ఒకటి రెండేళ్లు పనిచేసి, మాస్టర్స్‌కు వెళ్లేవాడికి నెదర్లాండ్స్ నప్పుతుంది. ఇంటర్ అవగానే అంత డబ్బు పోసి పంపడం మాత్రం ఈ రచయితకు సమంజసంగా తోచదు, ఆ కుటుంబానికి అది నిజంగా పెద్ద మొత్తం కాకపోతే తప్ప.

మిగిలిన లక్షల మందికి కావాల్సింది ఆ పద్ధతి. దానికి వీసా అక్కర్లేదు. షిప్‌యార్డులో ఒక షెడ్డు, ఉక్కు కర్మాగారంలో ఒక రోలింగ్ మిల్లు మూల, పోర్టులో ఒక బెర్తు, దేవస్థానంలో చందనోత్సవం నాటి క్యూలైన్ల నిర్వహణ తరగతి గదులైతే చాలు. చివరిది వేళాకోళం కాదు. అక్షయ తృతీయ ఒక్కరోజు నిజరూప దర్శనానికి, ఆషాఢ పౌర్ణమి ముందు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు వచ్చే జనాన్ని క్షేమంగా నడిపించడం కంటే మంచి లాజిస్టిక్స్ ప్రాజెక్టు ఏ హోగెస్కోల్‌కూ దొరకదు. 2025 చందనోత్సవంలో గోడ కూలి భక్తులు చనిపోయిన తరవాత ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తోంది. వానకు నానిన మట్టి, పునాది, నీరు పోయే దారి, రద్దీ. ఇవన్నీ సివిల్ ఇంజినీరింగ్ రెండో ఏడాది పాఠాలే.

ఈ వేసవిలో పిల్లల అడ్మిషన్ కోసం కాలేజీకి వెళ్లే తల్లిదండ్రులు ప్లేస్‌మెంట్ బోర్డు మీది ఫొటోలు చూసే ముందు రెండు ప్రశ్నలు అడగండి. మూడో ఏడాది ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఏ గేటు లోపల? అక్కడ మా పిల్లాడిని చూసుకునే మనిషి పేరేమిటి? నెదర్లాండ్స్ కాలేజీ అయినా, మధురవాడ కాలేజీ అయినా ప్రశ్నలు ఇవే. జవాబు చెప్పలేని చోట ఫీజు కట్టకండి.